నడవని బండి

హెలెన్ వాల్వు గ్రైండింగు చేస్తుండగా గేటు తీసిన చప్పుడైంది. వరండాలో బల్లమీద సిలిండర్ హెడ్డు బోర్లించి ఉంది. రబ్బరు మూతి ఉన్న కర్రని వాల్వుకి అంటించి, రెండు అరచేతుల మధ్యా పెట్టి, మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పుతోందామె. మధ్యలో పూసిన పేస్టు మొదట గరగరమంటుంది. తిప్పగా తిప్పగా ఆ చప్పుడు మెత్తబడుతుంది. మెత్తబడిందంటే వాల్వు తన చోట సరిగ్గా కూర్చుందన్నమాట. చేతిలో ఉన్నది ఇంకా గరగరమంటూనే ఉంది కాబట్టి ఆమె తల ఎత్తలేదు.

"టీచర్ గారండీ, ఒక్క నిమిషం."

వచ్చినవాడు చైతన్య, నగర పంచాయతీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. మాట నెమ్మది. వెనకాల ఇద్దరు పనివాళ్ళు నిలబడ్డారు. ఒకతని చేతిలో బంక డబ్బా, ఇంకొకతని చేతిలో ఎర్ర కాగితాల కట్ట. ముగ్గురూ ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు వైపు చూస్తున్నారు. అక్కడ స్టాండర్డ్ హెరాల్డ్ కారు, బోనెట్టు మొత్తం ముందుకి వాల్చుకుని, నోరు తెరిచినట్టు ఉంది. ముందు చక్రాలు రెండూ బయటపడి ఉన్నాయి. వాటి మధ్య ఇంజన్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఈ కారు నడుస్తుందాండి?"

"దీని తల ఇక్కడ బల్లమీద ఉంది. ఒళ్ళు ఆ మూల గోనెసంచి మీద ఉంది. ఎలా నడుస్తుందండి?"

"అంటే నడవదు."

"ఇవాళ నడవదు."

చైతన్య ఇబ్బందిగా నవ్వాడు. "మా కాగితంలో ఇవాళ, రేపు అని లేదండి. నడుస్తుంది, నడవదు. రెండే గడులు."

సంగతి అతనే చెప్పాడు. వానలు మొదలయ్యాక ఊళ్ళో జ్వరాలు పెరిగాయి. పాడుబడ్డ బండ్లలో నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతున్నాయని మొన్నటి సమావేశంలో తీర్మానం చేశారు. నడవని బండి రోడ్డుమీద ఉన్నా, ఇంటి ఆవరణలో ఉండి బయటికి కనపడుతున్నా తీసేయాలి. సోమవారం సాయంత్రంలోగా దాన్ని నడిపి చూపించాలి. లేకపోతే ట్రాక్టరు వచ్చి లాక్కెళ్ళి ఆఫీసు వెనక పెరట్లో పెడుతుంది. ఆ తర్వాత తుక్కు కొనేవాళ్ళు వస్తారు.

హెలెన్ చేతులు గుడ్డకి తుడుచుకుని లేచింది. "దోమల కోసమే అయితే రండి. ఎక్కడైనా చుక్క నీరుందేమో చూడండి."

అతను నిజంగానే చూశాడు. సెల్‌ఫోను లైటు వేసి డిక్కీలో, సీట్ల కింద, స్టెప్నీ గుంటలో వెతికాడు. అంతా పొడిగా ఉంది. స్టెప్నీ గుంటలో వేపాకు వేసి ఉంది.

"లేవండి. మా ఆఫీసుకన్నా నీట్‌గా ఉంది."

"మరి?"

"నీళ్ళ సంగతి తీర్మానంలో లేదండి."

బంక డబ్బా అతను అద్దం మీదకి బ్రష్షు ఎత్తాడు. హెలెన్ రెండో అతని చేతిలోంచి కాగితం మెల్లగా లాక్కుని, దానికి చిల్లు పొడిచి, దారంతో డోరు పిడికి కట్టింది. "ఈ అద్దం ఇప్పుడెక్కడా దొరకదు నాయనా. మీకు కావలసింది కాగితం కనపడ్డమేగా? కనపడుతోంది."

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. గరగర మెత్తబడేదాకా లేవలేదు.

ఆమె భర్త విజయ్ పాల్ సొసైటీ ఆఫీసులో గుమస్తా. చీకటిపడే వేళకి వచ్చి, ఎర్ర కాగితం చదివి, టీ గ్లాసులు రెండు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఇంట్లో ఇంజన్ పని మొదలైనప్పటినుంచీ సాయంత్రం టీ అతనిదే.

"సోమవారంలోగా పెట్టెయ్యగలవా?"

"రేపటికి వాల్వులయిపోతాయి. ఎల్లుండి ఆరాధన నుంచి వచ్చాక హెడ్డు బిగిస్తాను. సోమవారం సెలవు పెట్టి, పొద్దున్నే చైన్ బ్లాకుతో ఇంజన్ దింపేస్తే సాయంత్రానికి గేటు దాకా నడుస్తుంది. ఊపిరి సరిగ్గా ఆడకపోయినా గేటు దాకా చాలు."

"తర్వాత మళ్ళీ విప్పాలేమో?"

"విప్పాలి. తొందరలో చేసింది ఏదైనా విప్పాల్సిందే. రేపు ఒకసారి ఆఫీసుకి వెళ్ళి మాట్లాడి వస్తానండి. షెడ్డులో ఉన్నదాన్ని పట్టుకుని చెత్త అంటే ఎలా?"

ఆమె గొంతులో భయం లేదు. పదో తరగతికి లెక్క తప్పు చెప్పిన పాఠ్యపుస్తకాన్ని చూసినప్పుడు కూడా ఆమె ఇలాగే మాట్లాడుతుంది.

*

శనివారం బడి అయ్యాక హెలెన్ ఆఫీసుకి వెళ్ళింది. మెట్లెక్కబోతూ వెనక పెరట్లోకి తొంగి చూసింది. గోడవారగా బండ్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఐసుబండి వ్యాను, టైర్లు లేని స్కూలు బస్సు, రెండు మూడు మోపెడ్లు, గుడ్డ టాపు చిరిగిన జీపు. చివర ఒక లగేజీ ఆటో. దాని పక్కన, చీర చెంగు నడుముకి దోపుకుని, ఒకామె నిలబడి చైతన్యతో మాట్లాడుతోంది. మాట్లాడ్డం అంటే, ఆమె మాట్లాడుతోంది, అతను వింటున్నాడు.

"ఇంజను బోరు రిపేరుకిచ్చానని చెప్తున్నాను కదండీ. పాలకొల్లులో తయారుగా ఉంది. బండి ఇవ్వండి, పట్టుకెళ్ళి బిగించుకుంటానంటే నడిపించుకుని తీసుకెళ్ళమంటారు. ఇంజను లేకుండా ఎలా నడుస్తుందండీ? దాని బదులు నన్ను కూర్చోమంటారా లోపల?"

"నేను చేసింది కాదు కదండీ ఈ తీర్మానం..."

"మంగళవారం తుక్కు ఆయనొస్తాడంట. అరటిగెలలు వేసుకుని రావులపాలెం వెళ్ళే బండండీ ఇది. తుక్కు కాదు."

ఆమె పేరు వీరదుర్గ. కాలవగట్టు మీద ఉంటుంది. ఇంజన్ విప్పి మెకానిక్కుకిచ్చి, ఖాళీ బండిని ఇంటి ముందు పెట్టి, పొద్దున్న లేచి చూస్తే బండి లేదు. హెలెన్ వంగి ఆటో కిందకి చూసింది. ఇంజన్ని బిగించే మౌంటింగులు శుభ్రంగా తుడిచి, గ్రీజు రాసి, పాలిథిన్ సంచి చుట్టి ఉన్నాయి. పారేసిన బండికి ఎవరూ అలా చెయ్యరు. ఆ సంచిని ఒకసారి వేళ్ళతో తాకి, మెట్లెక్కింది.

కమిషనర్ మంజుష ఆమెను మర్యాదగా కూర్చోబెట్టింది. ఉద్యోగానికి కొత్త. జ్వరాల రిపోర్టు కోసం రోజూ పైనుంచి ఫోన్లు వస్తున్నాయని ముఖమే చెప్తోంది. కానీ హెరాల్డ్ అన్న మాట వినగానే ఆ ముఖం వెలిగింది.

"మా పెదనాన్నగారికి ఉండేదండీ! డోర్లు భలే చప్పుడయ్యేవి. మీరొక్కరే చేస్తున్నారా? ఆడవాళ్ళు ఇలాంటివి చెయ్యడం నేనెక్కడా వినలేదు. ఎందుకు చేస్తున్నారండీ?"

"చేస్తుంటే బాగుంటుందండి. పొద్దున్న తిరగనిది సాయంత్రానికి తిరిగితే అన్నం రుచిగా ఉంటుంది."

మంజుష నవ్వి, కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఇలాంటి కార్లు మనం కాపాడుకోవాలి. యాభై ఏళ్ళు దాటినవాటికి వింటేజ్ అని వేరే రిజిస్ట్రేషన్ కూడా ఉంది కదా. మీరు కంగారు పడకండి. మీ బండికి నేను మినహాయింపు ఇచ్చేస్తాను. ప్రత్యేక విషయంగా. సోమవారం మావాళ్ళు రారు."

అంత సులువుగా తేలిపోతుందని హెలెన్ అనుకోలేదు. థాంక్స్ చెప్పబోయింది. కిందనుంచి వీరదుర్గ గొంతు కిటికీలోంచి వినపడింది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం ఇందాకటికన్నా తగ్గింది.

"కింద లగేజీ ఆటో ఉందండి, ఇంజన్ రిపేరుకిచ్చింది. దానిక్కూడా ఇస్తారాండి?"

"అదెలా కుదురుతుందండీ? ఒకరికిస్తే అందరూ వస్తారు."

"నాకిస్తున్నారు కదండీ."

"మీది వేరు. మీది పాత కారు. అది పాడైన ఆటో."

"నాది పాతదీ, పాడైందీ కూడానండి. ఆవిడది పాడైందొక్కటే. లెక్కప్రకారం చూస్తే ముందు తియ్యాల్సింది నాదే."

"హెలెన్ గారూ, మీరు మీ పని చూసుకోండి. నేను ఇస్తానంటున్నాను కదా."

"నాకు సరదా అండి, ఆవిడకి అన్నం. సరదాని వదిలేసి అన్నాన్ని తుక్కులో వేస్తే ఇంక క్లాసులో నిలబడలేను. నాకు ప్రత్యేకంగా ఏమీ వద్దండి."

మెట్లు ఒక్కొక్కటే దిగింది. ఇస్తానన్నదాన్ని చేతులారా వదిలేసుకుంది. డోర్లకి అతికించిన రేకు ముక్కలు, నెల్లాళ్ళు తుప్పు గీకి వేసిన ప్రైమరు కళ్ళముందు కదిలాయి. ఆఖరి మెట్టుమీద ఆగి, చెంగుతో ముఖం తుడుచుకుని, పెరట్లోకి నడిచింది.

"చైతన్య గారూ, ఈ పెరట్లో బండి రిపేరు చేసుకోకూడదని తీర్మానంలో ఉందాండి?"

అతను జేబులోంచి మడత కాగితం తీసి, పైనుంచి కిందదాకా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. "లేదండి."

"నీళ్ళ సంగతీ లేదు, ఇదీ లేదు. మంచిది." వీరదుర్గ వైపు తిరిగింది. "ఏమ్మా, సోమవారం పొద్దున్నకి మీ ఇంజన్ ఇక్కడికి తెప్పించగలరా?"

"తెప్పిస్తానండి. కానీ ఎత్తేదెవరు? మెకానిక్కు ఇంతదూరం రానన్నాడు."

"నా దగ్గర గొలుసుతో ఎత్తే చైన్ బ్లాకుంది. నేనొస్తాను."

వీరదుర్గ ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. బడి చీర, కళ్ళజోడు, గోళ్ళలో నల్లటి గ్రీజు. గోళ్ళ దగ్గర చూపు ఆగింది. "అలాగేనండి," అంది.

*

ఆదివారం మధ్యాహ్నం హెలెన్ హెడ్డుని తిరగేసి, పోర్టుల్లో కిరసనాయిలు పోసి చూసింది. వాల్వుల దగ్గర ఒక్క చుక్క కారలేదు. మామూలుగా అయితే విజయ్ పాల్‌ని కేకేసి చూపించేది. ఆవేళ ఆయిలు గుడ్డ తెచ్చి హెడ్డుకి చుట్టి, బల్లకింద పెట్టేసింది.

అతను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. "బిగించవా?"

"బిగిస్తే రేపు దింపాలిగా. చైన్ బ్లాకు ఒక్కటే ఉందండీ. రేపు అది అక్కడుంటుంది."

"మరి మనది లాక్కుపోతారు."

"లాక్కుపోతారు. నేనూ వెనకాలే వెళ్తాను."

"కమిషనర్ గారు ఇస్తానన్నారని నాకు చెప్పకుండా ఉన్నా బాగుండేది," అన్నాడతను. కోపంగా కాదు. చైన్ బ్లాకు మూడు కాళ్ళ స్టాండుని షెడ్డులోంచి బయటికి లాగి, మర్చిపోకుండా గేటు దగ్గర పెట్టాడు.

సోమవారం పొద్దున్న పెరట్లో బురదగా ఉంది. హెలెన్ స్టాండు కాళ్ళ కింద చెక్కలు వేయించింది. గొలుసు లాగుతుంటే ఆటో వెనకభాగం కొంచెం కొంచెం పైకి లేచింది. అది జారకుండా రెండు పక్కలా దిమ్మలు పెట్టి, ఒకసారి ఊపి చూసి, అప్పుడు ఇంజన్ని గోనెమీద పెట్టి ఆటో కిందకి జరిపి, గొలుసుతో పైకి లేపారు. వీరదుర్గ ఆటో కింద పడుకుని మౌంటింగు దగ్గర చేత్తో తడుముతోంది. "ఇంకొంచెం ఎడం పక్కకండి. ఆ... ఆపండాపండి. పడింది!" బోల్టు దూరిన చప్పుడు ఇద్దరికీ ఒకేసారి వినపడింది. మొదట దూరంగా నిలబడ్డ పనివాళ్ళు ఇప్పుడు అడక్కుండానే స్పానర్లు అందిస్తున్నారు. ఐసుబండి ఆయన గోడవారన నిలబడి ప్రతి బోల్టూ చూస్తున్నాడు.

స్టార్టు చేసేసరికి సాయంత్రమైంది. ఊరికే తిరిగింది, అందుకోలేదు. రెండోసారీ అంతే. వీరదుర్గ ముఖం పాలిపోయింది.

"ఏం లేదమ్మా. డీజిల్ లైనులో గాలుంది." హెలెన్ పంపు దగ్గర నట్టు వదులు చేసింది. ముందు నురగ వచ్చింది. తర్వాత బుడగలు. ఆ తర్వాత సన్నటి ధారగా డీజిలు. నట్టు బిగించింది. "ఇప్పుడు కొట్టండి."

ఆటో ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ కక్కి, టకటకమని అందుకుంది. పైన ఆఫీసు కిటికీల్లో తలలు కనపడ్డాయి. వీరదుర్గ ఎక్కి కూర్చుని, గేరు వేసి, గేటు దాటి రోడ్డుమీదకి పోనిచ్చింది. అక్కడ ఆపి, ఇంజన్ ఆపకుండా, దిగి వెనక్కి నడిచి వచ్చి హెలెన్ చేతులు రెండూ పట్టుకుంది. చైతన్య తన కాగితం తీసి 'నడుస్తుంది' అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆ టిక్కు పెట్టడంలో అతని చెయ్యి చాలా చురుగ్గా ఉంది.

అప్పుడే ట్రాక్టరు గేటులోకి వచ్చింది. వెనకాల హెరాల్డ్. తాడు బంపరుకి కట్టారు. బంపరు ఒక పక్క వంగింది.

ఆ నాలుగు రోజుల్లో హెలెన్ గొంతు పెంచింది అదొక్కసారే. "ఆపండి! తాడు బంపరుకి కడతారా ఎవరైనా? కింద చాసిస్ ఉంది, దానికి కట్టండి!" డ్రైవరు దిగి, తాడు విప్పి, ఆమె చూపించిన చోట కట్టాడు. "ఎండలో వద్దు, ఆ గోడ నీడలోకి. నెమ్మదిగా. బోనెట్టు తగలకుండా ముందు జాగా వదలండి." సొంత షెడ్డులో పెట్టించుకుంటున్నట్టు దగ్గరుండి పెట్టించింది. తర్వాత వంగిన బంపరుని చేత్తో తడిమి చూసింది.

ఐసుబండి ఆయన దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "టీచరు గారండీ, మాది క్లచ్చు ప్లేటేనండి పోయింది. సామాను నేను తెచ్చుకుంటాను. రేపు ఈ గొలుసు ఇక్కడే ఉంటుందాండి?"

"నా బండి ఇక్కడుంది కదండీ. గొలుసు ఇంకెక్కడికి పోతుంది?"

*

ఆ తర్వాత రోజూ బడి వదలగానే ఆమె పెరట్లోకి వచ్చేది. వచ్చేసరికి అక్కడ మనుషులుండేవారు. మోపెడ్ల వాళ్ళు కార్బొరేటర్లు విప్పి పాతగుడ్డ మీద పరుచుకున్నారు. జీపు తాలూకు వాళ్ళు భీమవరం నుంచి మెకానిక్కుని తీసుకొచ్చారు. ఐసుబండి మంగళవారం సాయంత్రానికే బయటపడింది. హెలెన్ తన హెడ్డుని వీరదుర్గ ఆటోలో తెప్పించుకుని, వీలు చిక్కినప్పుడల్లా తన పని చేసుకునేది. విజయ్ పాల్ టీ ఫ్లాస్కు ఇప్పుడు ఇక్కడికి తెస్తున్నాడు. దాని బదులు పెద్దది కొనాల్సి వచ్చింది.

మంగళవారం వస్తానన్న తుక్కు వ్యాపారి వాన వల్ల గురువారం వచ్చాడు. వరస చూసి చైతన్య మీద విసుక్కున్నాడు. "ఇంత దూరం రమ్మన్నారు. ఇక్కడ సగం కూడా లేవేంటండీ?" నడిచి నడిచి హెరాల్డ్ దగ్గర ఆగాడు. చేతిలో ఉన్న ఇనపకడ్డీతో డోరు మీద కొట్టి చూశాడు. రేకు మందంగా మోగింది. "ఇది బాగుంది. ఇది ఇచ్చెయ్యండి."

"అది మరమ్మతులో ఉందండి," అంది బోనెట్టు వెనకనుంచి హెలెన్.

"మరమ్మతులో ఉందండి," అన్నాడు స్కూలు బస్సు కిందనుంచి ఇంకొకాయన, తన బండి గురించి.

వ్యాపారి చైతన్య కేసి చూశాడు. చైతన్య కాగితం కేసి చూశాడు. ఈలోగా మంజుష మెట్లు దిగి వచ్చింది. రోజూ కిటికీలోంచి చూస్తున్నదే అయినా కిందకి రావడం అదే మొదలు. హెరాల్డ్ చుట్టూ తిరిగి, వంగిన బంపరు దగ్గర ఆగింది.

"ఇది మావాళ్ళు చేసిందేనా?"

"సరిచెయ్యొచ్చులెండి."

"ఎప్పటికి నడుస్తుంది ఇది?"

"తొందరపడకుండా చేస్తే క్రిస్మస్‌కి నడుస్తుందండి."

"అప్పటిదాకా ఇక్కడే ఉంటారా?"

"మీరు పంపించేదాకా ఉంటానండి."

"మొదటిరోజే వదిలేస్తానన్నాను కదా, హెలెన్ గారూ. మీరే వద్దన్నారు."

"ఇప్పుడూ నా ఒక్కదానికే అయితే వద్దేనండి. ఇక్కడినుంచి బయటికెళ్ళిన బండి ఏదీ తుక్కు కాదని మీరే పైనుంచి చూశారు. నీళ్ళు నిలవనివ్వకుండా, రోడ్డుకడ్డం లేకుండా పెట్టుకుని బాగుచేసుకునేవాళ్ళని చేసుకోనివ్వండి. వదిలేసినవాటినే తీసుకెళ్ళండి. దోమలకీ అదే మంచిది."

జీపు తాలూకు వాళ్ళు, మోపెడ్ల వాళ్ళు పని ఆపి చూస్తున్నారు. మంజుష స్కూలు బస్సులోకి తొంగి చూసింది. వెనక సీట్ల కింద వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇక్కడికి తెచ్చి పెట్టాక నిలిచిన నీళ్ళే. అది ఆమెకి అర్థమైంది. చెవులు కొంచెం ఎర్రబడ్డాయి.

"చైతన్యా, ఆ కాగితంలో మూడో గడి పెట్టడానికి జాగా ఉందా?"

"ఉందండి," అన్నాడతను, చూడకుండానే.

"రేపటి సమావేశంలో నేను మాట్లాడతాను. ముందు ఆ బస్సులో నీళ్ళు తోడించు."

సమావేశంలో కొందరు కాదన్నారట, కొంచెం గొడవ కూడా అయిందట. చివరికి ఒప్పుకున్నారు. మరమ్మతులో ఉన్న బండికి కప్పు ఉండాలి, నీళ్ళు ఉండకూడదు, నెలకోసారి వచ్చి చూస్తారు. ఎవరి బండికైనా అదే నియమం. శనివారం మధ్యాహ్నం చైతన్య హెరాల్డ్ డోరు పిడికున్న ఎర్ర కాగితాన్ని దారం విప్పి తీసేశాడు.

"ఇంక పట్టుకెళ్ళొచ్చండి. ట్రాక్టరు పిలవనా?"

"వద్దు నాయనా. మీ ట్రాక్టరు వద్దు," అంది హెలెన్.

వీరదుర్గ అప్పటికే ఆటో వెనక్కి పెట్టి తాడు తీస్తోంది. ఒక కొస చాసిస్‌కి తనే కట్టింది. చైన్ బ్లాకు, హెడ్డు, పనిముట్లు ఆటోలో సర్దారు. వాటి మధ్య ఫ్లాస్కు పట్టుకుని విజయ్ పాల్ కూర్చున్నాడు. హెలెన్ హెరాల్డ్‌లో స్టీరింగు ముందు కూర్చుంది. సీటు మీద మెత్త లేదు, స్ప్రింగుల మీద మడిచిన దుప్పటి ఉంది. ముందు ఇంజన్ లేకపోవడంతో కారు ముక్కు కాస్త పైకెత్తుకుని ఉంది.

గేటు దాటి మెయిన్ రోడ్డెక్కారు. కొట్లలోంచి జనం బయటికొచ్చి చూశారు. ఎవరో ఈల వేశారు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు తాడు బిగుసుకుని, ఆటో కాస్త మూలిగి, లాక్కుపోయింది. పైకి చేరాక వీరదుర్గ బయటికి తల పెట్టి వెనక్కి అరిచింది.

"టీచరు గారండీ, దిగుడొస్తోంది! బ్రేకుందాండీ?"

"హ్యాండ్ బ్రేకొక్కటే ఉందమ్మా! మెల్లగా పోనీ!"

వెనకాల నరసాపురం బస్సు హారన్ మోగించింది. హెలెన్ ఎడంచేత్తో హ్యాండ్ బ్రేకు పట్టుకుని, కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, ఆగమని చూపించింది. బస్సు ఆగింది.